ఇది కంపెనీ సొత్తు

నేను ఒక చెక్క పంపును. నాలోంచి చుక్క నీరు కూడా రాదు. నన్ను నమూనాగా పెట్టుకుని ఇనుప పంపులు పోసుకుంటారు, అంతే. ఫౌండ్రీలో నన్ను ప్యాటర్న్ అంటారు. పెట్టెలో నన్ను పడుకోబెట్టి చుట్టూ తడి ఇసుక దట్టిస్తారు. తర్వాత నన్ను పైకి ఎత్తేస్తే నా ఆకారంలో గుంట మిగులుతుంది. అందులో కరిగిన ఇనుము పోస్తే పంపు పైగుల్ల తయారవుతుంది. నేను లేచిపోతే తప్ప అసలు పని మొదలవదు. బతుకంతా అడ్డు తప్పుకోవడమే ఉద్యోగమైనదాన్ని, నా మాటల్లో కాస్త చేదు తగిలితే ఏమీ అనుకోకండి.

నన్ను చేయించింది ఒక మోటారు పంపుల కంపెనీ. మంచి టేకు తెచ్చి, చెక్కించి, నున్నగా తీర్చి, ఎర్ర రంగు వేయించి, నడుము మీద ఇత్తడి రేకు కొట్టించింది. రేకు మీద ‘ఇది కంపెనీ సొత్తు’ అని ఉంటుంది. చెక్కిన వడ్రంగి పేరు ఎక్కడా ఉండదు. అతను నా పక్క గోడల్ని తూకం గుండు వేసినట్టు నిలువుగా తీర్చాడు. డ్రాయింగులో అలాగే ఉందట. ఇసుకలోంచి నన్ను ఎత్తే మనిషి అవస్థ మాత్రం ఆ డ్రాయింగులో లేదు.

కంపెనీ తన పంపులు తాను పోసుకోదు. అందుకని నన్ను విజయవాడ ఆటోనగర్‌లో శోభనాద్రి గారి ఫౌండ్రీకి పంపింది. నాతో పాటు ఒక ఒప్పందం కూడా వచ్చింది. మనుషులు పిల్లల్ని హాస్టల్లో వదిలేటప్పుడు కూడా అన్ని షరతులు పెట్టరు. నేను కంపెనీదాన్ని, కాని నన్ను ఎండకు, వానకు, చెదలకు చిక్కకుండా కాపాడవలసింది ఫౌండ్రీ. నాతో ఇంకెవరికీ సరుకు పోయకూడదు. కంపెనీ అడిగిన వెంటనే ఏ వంకా పెట్టకుండా తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చినప్పుడు ఎలా ఉన్నానో అలాగే ఇవ్వాలి. నాకు ఎవరు ఏ మార్పు చేసినా, ఆ మార్పు కూడా కంపెనీ సొత్తే అవుతుంది. శోభనాద్రి గారు ఆ కాగితాలకు పసుపు బొట్టు పెట్టి, చదవకుండా సంతకం చేశారు. ఆర్డరు దొరికిన సంతోషంలో చదవడానికి ఎవరికి ఓపిక ఉంటుంది?

నన్ను ఎత్తే పని ఏసుపాదానిది. అతను ఆ ఫౌండ్రీలో ఇసుక అచ్చులు తీసే పాత మోల్డరు. నా గోడలు నిటారుగా ఉండటం వల్ల, ఎత్తేటప్పుడు ఏ కాస్త చెయ్యి వణికినా ఇసుక అంచులు నాతో పాటు ఊడి వచ్చేవి. ఇసుక అచ్చు విరిగితే దానికి రావలసిన కూలి డబ్బులు పోయినట్టే. ఏసుపాదం ముందు చెక్క సుత్తితో నన్ను నాలుగు వైపులా మెల్లగా తట్టేవాడు. అంచుల వెంట తడి కుంచె రాసేవాడు. తర్వాత ఊపిరి బిగబట్టి, నిద్రపోతున్న పసిబిడ్డను తల్లి ఒళ్లోంచి తీసినట్టు తీసేవాడు. మిగతా మోల్డర్లు ప్రయత్నించి, తిట్టుకుని వదిలేశారు. అతను ఉన్నంతకాలం నేను అక్కడ ఉంటాను, నేను ఉన్నంతకాలం అతనికి పని ఉంటుంది. అతని భార్య మార్తమ్మ పక్క షెడ్డులో, పంపు లోపలి బోలు కోసం అచ్చులో పెట్టే ఇసుక ముద్దలు చేసి ఎండబెట్టేది. ఇద్దరి కూడూ నా మీదే ఆధారపడింది.

ఒక వేసవిలో ఇనుము పోస్తుండగా గరిటె ఒలికి ఏసుపాదం కుడి మణికట్టు మీద పడింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి చెయ్యి ఉంది కాని, వేళ్లలో పట్టు లేదు. వచ్చిన రోజే నన్ను ఎత్తబోయాడు. అంచు విరిగింది. మళ్లీ దట్టించాడు, మళ్లీ విరిగింది. శోభనాద్రి గారు చూసి, విరిగిన అచ్చుల లెక్క పుస్తకంలో రాసుకుని వెళ్లారు. ఆ రాతే ఏసుపాదాన్ని తిట్లకంటే ఎక్కువ భయపెట్టింది.

కరెంటు సెలవు రోజున, ఫౌండ్రీ మూసి ఉండగా, ఏసుపాదం తనకు తెలిసిన వడ్రంగి వీరాచారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ నా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఏసుపాదం వేలితో నా ఒంటి మీద చూపించడం, వీరాచారి చెయ్యడం. నా గోడలకు పలుచని టేకు పట్టీలు అంటించారు, రవ్వంత వాలు వచ్చేలా. లోపలి మూలల్ని లప్పంతో గుండ్రంగా నింపారు. కంపెనీని అడగలేదు. అడిగితే ఒప్పుకోదని కాదు, అడగాలని వాళ్లకు తోచలేదు.

మర్నాడు నన్ను ఎడమ చేత్తో ఎత్తాడు. వెన్నలోంచి కత్తి వచ్చినట్టు వచ్చేశాను. ఏసుపాదం అలాగే నిలబడి గుంటలోకి చూస్తూ ఉండిపోయాడు. నాకూ గర్వమనిపించింది. ఆ గర్వం తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

అప్పటినుంచి సరుకు మరీ నున్నగా వెళ్లడం మొదలైంది. కారణం చూద్దామని కంపెనీ నుంచి నిరంజన్ అనే కొనుగోలు ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడు. ఆ సమయానికి ఏసుపాదం మంచినీళ్లకు వెళ్లాడు. మార్తమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని తానే నన్ను ఎత్తుతోంది.

“ఏమ్మా, నువ్వు కూడా మోల్డింగ్ చేస్తావా?” అన్నాడు నిరంజన్.

“మోల్డింగేంది సార్, నాకేం తెలుసు? దీన్నయితే పిల్లోడైనా ఎత్తుతాడు. మా ఆయనే అట్టా చేయించాడు. మా ఆయన బుర్ర అట్టాంటిది!” అంది మార్తమ్మ.

భర్త గొప్ప చెప్పుకునే అవకాశం ఆ ఇల్లాలికి బతుకులో ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది? వచ్చిన ఒక్కసారీ మొహమంతా నవ్వు చేసుకుని వాడేసుకుంది. నిరంజన్ కూడా నవ్వాడు. నన్ను తిప్పి చూసి, పట్టీలు తడిమి, చాలా బాగుందని మెచ్చుకున్నాడు. ఆ నెలాఖరుకే కబురొచ్చింది, ప్యాటర్న్ తిరిగి పంపమని. కొండపల్లిలో ఇంకో ఫౌండ్రీ వాళ్లు తక్కువకు పోస్తామన్నారట. ఎవరైనా ఎత్తగలిగే ప్యాటర్న్‌కి ఏ ఫౌండ్రీ అయితేనేం?

నన్ను తీసుకెళ్లే వ్యాను వస్తుందన్న రోజు, మార్తమ్మ శోభనాద్రి గారి టేబులు ముందు నిలబడింది.

“ఇచ్చినట్టే ఇవ్వాలని రాసుకున్నారంట గదయ్యా. అట్టాగే ఇద్దాం. మా పట్టీలు మేం పీకేసుకుంటాం.”

శోభనాద్రి గారు అప్పటికి కాగితాలు చదివేశారు. అవసరం తీరిపోయాక మనుషులకు చదవడం బాగా వస్తుంది. “దాని కిందే రాశారమ్మా, మార్పులు కూడా వాళ్లవేనని,” అన్నారు. కళ్లజోడు తీసి, “నేను భోజనానికి పోతన్నా. నేనైతే ఏం చూళ్లేదు,” అంటూ స్కూటరెక్కి వెళ్లిపోయారు.

మార్తమ్మ ఉలి తెచ్చి భర్త చేతిలో పెట్టింది. అతను నా పక్కన కూర్చుని మొదటి పట్టీ కింద ఉలి మొన దూర్చాడు. నేను మనసులో పీకెయ్యమనే అరిచాను. పీకేస్తే కొండపల్లిలో నన్ను ఎవరూ ఎత్తలేరు. అచ్చులు విరుగుతాయి, కంపెనీ మళ్లీ ఇక్కడికే పంపుతుంది. ఒక్క దెబ్బ చాలు.

ఏసుపాదం ఉలి తీసేశాడు.

“ఏమయింది?” అంది మార్తమ్మ.

“అక్కడ ఎత్తేవోడు కూడా కూలోడేగదే. అచ్చు ఇరిగితే ఆడి కూలి పోద్ది.”

“మరి మన కూలో?”

అతను ఉలి ఆమె చేతికి తిరిగి ఇచ్చేశాడు. నా మీద ఇసుకంతా గుడ్డతో తుడిచి, గోనెలో చుట్టి, వ్యాను దాకా ఎడమ చేత్తో మోశాడు. మార్తమ్మ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. “నా నోరు పడిపోను” అని తనను తానే తిట్టుకోవడం వ్యాను కదిలేదాకా వినిపించింది.

కొండపల్లిలో నాకు ఏ కొరతా లేదు. రోజూ పనే. పండగ ముందు ఒక ఉదయం గేటు దగ్గర ఏసుపాదం కనిపించాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. శోభనాద్రి గారు ఫౌండ్రీని గోడౌనుగా మార్చి అద్దెకిచ్చారని, పని కోసం తిరుగుతున్నానని సూపర్‌వైజరుతో చెబుతున్నాడు. కుడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

“ఆ ఎర్ర ప్యాటర్న్ నాకు బాగా తెలుసండీ. దాన్ని ఎత్తేది నేనే,” అన్నాడు.

సూపర్‌వైజరు దయగానే చెప్పాడు. “దాని మీద కొత్తోళ్లనే పెడతన్నాం బాబాయ్. నిన్న చేరినోడు కూడా ఇయ్యాల చేసేత్తన్నాడు. దానికి మోల్డరు ఎందుకు?”

సరిగ్గా అప్పుడే నిన్న చేరినవాడు నన్ను ఎత్తాడు. తట్టలేదు, తడి కుంచె రాయలేదు, కనీసం నా వైపు చూడను కూడా లేదు. నేను లేచిరాకుండా ఉండాలని ఎంత బిగుసుకున్నానో! చెక్కకు బిగుసుకోవడం ఎక్కడ చేతనవుతుంది? లేచి వచ్చేశాను. ఒక్క ఇసుక రేణువు రాలలేదు.

ఏసుపాదం మెడ సాచి గుంటలోకి చూశాడు. పనివాడి కళ్లు కదా, అంచులన్నీ వెతుక్కున్నాయి.

“బాగా లేచిందండీ,” అన్నాడు.

నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. నన్ను తుడిచి మళ్లీ పెట్టెలో పడుకోబెట్టారు. పైన ఇసుక పోస్తున్నారు.