రాత్రి బంద్

దుర్గయ్య ఐసు డబ్బాను నీళ్లతొట్టిలో ముంచి తీసి వంచాడు. దిమ్మ జారి చెక్కల మీద పడింది. అతని వేళ్లు తెల్లబడి, గోళ్ల దగ్గర పగిలి ఉన్నాయి. బహదూర్‌పురాలోని ఈ ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీకి పెళ్లయిన కొత్తలో చేరాడు. పగలు ఛత్రినాకలోని ఇంట్లో పడుకుంటే, కంప్రెసర్ చప్పుడు లేక ఉలిక్కిపడి లేస్తాడు. అందుకే భార్య లీలమ్మ అతని తల దగ్గర పాత టేబుల్ ఫ్యాన్ పెట్టింది. గాలికి కాదు, మోతకు.

ఆమెకు కూడా చెప్పని పని ఒకటుంది. పగలు ఫ్యాక్టరీ మీటరు కరెంటు మీదే నడుస్తుంది; సేటు వెంకటనారాయణ రాత్రిపూటకని స్తంభం నుంచి దొంగ తీగ లాగించాడు. చీకటి పడ్డాక వెదురుకర్రతో దాని కొక్కెం తగిలించేదీ, తెల్లవారాక తీసేదీ దుర్గయ్యే. దొరికితే ముందు దొరికేది తన చెయ్యే.

ఆ ఉదయం కొక్కెం తీసి కర్ర మూలన పెట్టాడో లేదో, గేటులో ఒక అమ్మాయి నిలబడి ఉంది. మెడలో కార్డు, భుజాన సంచి. పేరు ప్రీతి అంది.

"కరెంటు ఆఫీసా?"

"కాదు కాకా, యూనివర్సిటీ. మీ ఫ్యాక్టరీని మోడల్‌ల పెట్టాలె."

"మాది పాత మోడలే బిడ్డా. నీకేం పనికొస్తది?"

ఆమె పకపకా నవ్వింది. "మిషన్ మోడల్ కాదు. సిటీల ఫ్యాక్టరీలన్ని కంప్యూటర్ల లెక్కగడ్తం. సర్కారు కొత్త మోటార్లకు సాయం జేస్తే ఎంత కరెంటు మిగుల్తది, ఎన్ని కొలువులు పోతయ్, ఎన్ని వస్తయ్ అని."

కొలువులు పోతయ్ అన్న మాట ఒక్కటే దుర్గయ్య చెవిలో నిలిచింది. ఇట్లా నవ్వుతూ వచ్చిన కరెంటోళ్లను అతను చూశాడు. ఆమె కళ్లు ఎటు తిరిగితే అటు తన కళ్లూ తిప్పాడు.

"రాత్రి గూడ నడుస్తదా?"

ఛాయ్ గ్లాసుతో బయటికొచ్చిన సేటు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రాత్రి బంద్," అన్నాడు దుర్గయ్య.

"మరి పొద్దుగాల్నే నువ్వీడ?"

"వాచ్‌మెన్ను."

"అవునమ్మా, బందే," సేటు తలూపాడు.

ఆమె ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుని కాసేపు చూసింది. "అయ్యో కాకా, రాత్రంత నడిచే ఐసు ఫ్యాక్టరీలకే కొత్త మిషన్ మస్తు కలిసొస్తదని చూపిస్తున్నది. సర్కారుకు గదే జెప్తం. మీ అసొంటోళ్లకు సాయం రాకపోవచ్చు." సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

గల్లీ మలుపులో ఆగి తలెత్తింది. తీగలను చూసిందో, ఎండను చూసిందో.

"చూసిందిరా," అన్నాడు సేటు.

"చూసింది సేటూ."

"బంద్ అని ఎక్కించుకున్నది. గా ముచ్చట ఎవరి చెవినేస్తదో. ఇగ రాత్రి నడిపితే దొరుకుతం. నిజంగనే బంద్ వెడ్దాం."

"మరి నేను?"

"వాచ్‌మెన్నంటివి గద? బంద్ వెట్టిన ఫ్యాక్టరీల ఐసు ఎవడెత్తుకపోతడు దుర్గయ్యా?"

దుర్గయ్య ఏదో అన్నాడు. కంప్రెసర్ మోతలో అది అతనికే వినపడలేదు. చేతులు తుడుచుకుని, తలవంచి గేటు దాటాడు.

కంప్రెసర్ వెనక మేకుకు అతని స్వెట్టర్ వేలాడుతూ ఉంది. మోచేతుల దగ్గర లీలమ్మ వేరే రంగు ఉన్నితో వేసిన కుట్లు, మిషన్ అదిరినప్పుడల్లా మెల్లగా ఊగుతూ.