ఇటుకన్నర స్తంభాలు

చుండూరులో మా చర్చి గేటుకి నేను కట్టిన ఆర్చి, కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగ్ చెక్కలు ఊడదీసిన గంటకే నడిమధ్యన పగిలి కూలింది. దేవుడి దయవల్ల కింద ఎవరూ లేరు. సంఘ పెద్దలు అడిగితే, "సిమెంటు మాలు కలిపింది దావీదండి, ఇసుక ఎక్కువేశాడు" అనేశాను. దావీదు మా ఆవిడ తమ్ముడు. పదిహేనేళ్లుగా నా దగ్గరే పని. వాడు కాదనకుండా తాపీ కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాణ్ణి ఏ మేస్త్రీ పిలవలేదు. ఎనభై ఎనిమిదో సంవత్సరం వేసవంతా వాడు పొలాల్లో మట్టి పనికి పోయాడు.

మా సంఘంలో ఒక పద్ధతుంది. మాటల్లేని ఇద్దరు సమాధానపడేదాకా ప్రభు సంస్కారానికి లేవకూడదు. మూడు నెలలు అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే మేమిద్దరం చెరో మూల కూర్చున్నాం. ఇంట్లో మా ఆవిడ దానమ్మ కంచం నా ముందు పెట్టి లేచిపోయేది. చివరికి పాస్టరుగారు పిలిచారు.

"కొండపల్లి కోటలో ఆర్చీలు వందల ఏళ్లుగా నిలబడ్డాయి. ఇద్దరూ వెళ్లి చూసి రండి. ఆదివారం తప్పెవరిదో సంఘానికి చెప్పండి. తప్పు చేసినవాడికి మళ్లీ గేటు పని ఇవ్వం."

తెనాలిలో రైలెక్కి, బెజవాడలో దిగి బస్సు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కొండెక్కాం. పైన అదేం కట్టడం, నాయనోయ్! పొడుగాటి హాలు. కప్పు ఎప్పుడో పోయింది. ఆర్చీలు మాత్రం మొన తేలి, వరసగా నిలబడే ఉన్నాయి. మాలు ఎలాంటిదో చూద్దామని గోరుతో గీకాను. సున్నం పొడిపొడిగా రాలింది. ఈ మాలుకి మా ఊళ్లో కోళ్ల గూడు కూడా నిలవదు.

అప్పుడు పక్కకి చూశాను. ఆర్చి దిగేచోట గోడ మందం నేను రెండు చేతులు చాపినా అందలేదు. ఆర్చి పక్కలకి తన్నే బరువునంతా అదే కాస్తోంది. మా గేటుకి నేను కట్టినవి ఇటుకన్నర మందం సన్నటి స్తంభాలు. బాపట్లలో ఎవరిదో ఇంటి గేటు చూసి మురిసిపోయి, నాజూగ్గా ఉండాలని అలా కట్టాను. సిగ్గుపడుతూ దావీదు దగ్గరికి నడిచాను.

"ఒరే దావీదూ, ఇసుక కాదురా. స్తంభాలు. తప్పు నాది."

వాడు టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. "తెలుసు బావా."

"ఎప్పట్నించి?"

"కూలిన రోజే. స్తంభాలు రెండూ బయటికి ఒరిగినయ్యిగా."

"మరి చెప్పి చావొచ్చుగా!"

"చెబితే నిన్నెవరు పిలుస్తారు పనికి? మా అక్క ఏం తింటది? నేనైతే మట్టి పనైనా చేస్తా. నీకు అదీ చేతకాదు."

పెరుగన్నం సగం నాకు పెట్టాడు. తిన్నాను.

ఆదివారం అందరి ముందూ లేచి చెప్పాను. పెద్దలు గేటు పని దావీదుకి ఇచ్చారు. సంస్కారం వేళ వాడి పక్కనే మోకరించాను. రొట్టె నోట్లో పెట్టుకున్నాక ఏడుపు ఆగలేదు.

దావీదు తల ఎత్తకుండానే గొణిగాడు. "ఏడవమాక బావా, అక్క చూస్తంది."