పులి పథ్యం

గేట్లు, కిటికీ చువ్వలు, నీళ్ల ట్యాంకుల స్టాండ్లు తయారుచేసే షెడ్డులో అతను వెల్డరు. అందరూ పులి అని పిలిచేవారు. మనిషి చూపులకు పులిలా ఉంటాడని కాదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పినప్పుడు పప్పు కనబడితే చాలు, ఠక్కున మూత పెట్టేసి, "పులి ఆకలేసినా గడ్డి మేయదు" అనేవాడు. ఆ సామెత అతనికి బంకలా అంటుకుపోయింది.

పప్పు మీద అతని పగ ఇప్పటిది కాదు. చిన్నతనంలో తండ్రి మూటలు మోసి నడుం పడిపోయి మంచాన పడ్డాడు. తల్లి గుప్పెడు పప్పు కుండెడు నీళ్లలో వేసి కాచేది. చుట్టాలొస్తే పప్పు పెరిగేది కాదు, నీళ్లు పెరిగేవి. పక్కింటి వాళ్ల మాంసం వాసన మాత్రం గోడ దాటి వచ్చేది, ఎవరి అనుమతీ అడగకుండా. మొదటి జీతం అందుకున్న రోజున అతను చొక్కా కొనుక్కోలేదు, మాంసం కొనుక్కున్నాడు. ఆ తర్వాత ఆదివారం మాంసం లేకుండా గడిచింది లేదు. అది తిండి కాదు, పరువు.

ఒకరోజు ఇనప పలకను పైకెత్తుతుండగా గొలుసు జారింది. పలక అంచు అతని మోకాలి కింద కండను చీల్చుకుంటూ కిందపడింది. ఎముకకు ఏమీ కాలేదు కాబట్టి అదృష్టవంతుడివన్నారు. కుట్లు వేశారు. కుట్లు విప్పాక చూస్తే పుండు నోరు మూయలేదు. వారాలు గడుస్తున్నా ఎర్రగా, తడిగా అలాగే ఉంది. షెడ్డు యజమాని చెడ్డవాడేం కాదు, తిరిగి పనిలోకి వచ్చేదాకా సగం జీతం ఇస్తానన్నాడు. మంచివాడు కూడా కాదు, అంతకంటే పైసా ఎక్కువ ఇవ్వనన్నాడు.

అతని భార్య లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల పరదాలు మూటలుగా వస్తే విప్పి, మడతపెట్టి, మళ్లీ మూట కట్టి లారీకెత్తేది. సగం జీతం సంగతి తెలిసిన రోజు రాత్రి అన్నాలు తింటూ మెల్లగా కదిపింది.

"ఈ కొన్నాళ్లు మాంసం మానేద్దామండీ. ఆ డబ్బుతో ముగ్గురికీ వారమంతా గుడ్లొస్తాయి, పెరుగొస్తుంది."

"ఇంకేదైనా మానెయ్. కరెంటు మానెయ్. నా ఆదివారం జోలికి మాత్రం రాకు."

"కరెంటు మానేస్తే చీకట్లో తింటారా మాంసం?"

"తింటాను. నోటికి దారి తెలియదా?"

కూతురు కిసుక్కున నవ్వింది. ఆ పిల్ల ఏడో తరగతి. తండ్రి చూడగానే కంచంలోకి తల దించుకుంది. ఆ మాట అంతటితో ఆగిపోయింది.

అలా ఇంట్లో రెండు వంటలు సాగాయి. తల్లీకూతుళ్లు శనగలో అలసందలో రాత్రి నానబెట్టుకుని, పొద్దున ఉడికించుకుని, ఉల్లిపాయ తరిగి కలుపుకుని తినేవారు. అన్నంలోకి ముద్దపప్పు, సాయంత్రం గుప్పెడు వేరుశనగలు. అతను మాత్రం ఆదివారం కడుపు పట్టినంత మాంసం తిని, సోమవారం మిగిలిన పులుసుతో సరిపెట్టుకుని, మిగతా రోజులు అన్నంలో పచ్చడి కలుపుకుని పంతంగా తినేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పుండుకు కట్టు మార్చే నర్సమ్మ మాటల్లో దురుసు, చేతుల్లో నెమ్మది. ఒకరోజు గుడ్డ విప్పి, చాలాసేపు చూసి, "ఏం తింటున్నారు?" అని అడిగింది.

"మాంసం," అన్నాడు అతను కాస్త గర్వంగానే.

"రోజూనా?"

"ఆదివారం."

"మిగతా రోజులు?"

అతను గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు. నర్సమ్మ కొత్త గుడ్డ చుడుతూ, తలెత్తకుండానే అంది. "వారానికోసారి కుండపోతగా కురిపించి తక్కిన రోజులు ఎండగడితే నారుమడి బతుకుతుందా? కొత్త కండ పుట్టాలంటే ఒంట్లో మాంసకృత్తులుండాలి. అవి రోజూ అందాలి. గుడ్డో, పప్పో, శనగలో, ఏదో ఒకటి. ఇదేం ఖరీదైన మందు కాదుగా, మానెయ్యడానికి."

"నాకు పప్పు సయించదు సిస్టర్."

"పుండుకు సయిస్తుంది," అని ఆవిడ తరవాతి మనిషిని పిలిచింది.

ఈ సంగతి అతను ఇంట్లో చెప్పలేదు.

ఆ వారంలోనే బావమరిది వచ్చాడు. మంగలి షాపులో పని. కాలు బాగా లేని బావకు ఇంటికొచ్చి గడ్డం గీసి పోతుండేవాడు. సబ్బు నురగ రాసి, కత్తి పెట్టి, ఆగిపోయాడు.

"బావా, బుగ్గ కాస్త పూరించు."

"ఎందుకురా?"

"కత్తి గుంటలో దిగిపోతోంది, పైకి రావట్లేదు. పులివి కదా అని భయపడుతూ గీసేవాణ్ణి. ఇప్పుడు ఎముకలు తగులుతాయని భయపడుతున్నా."

"నోరు మూసుకుని గియ్."

"నా నోటిదేముంది, మూసేస్తాను. అద్దం నోరెవరు మూస్తారు?"

అతను అద్దం చేతిలోకి తీసుకోలేదు.

నెల చివర్లో గ్యాస్ బండ వచ్చింది. తెచ్చినవాడు హడావుడిలో ఉండి, మెట్ల కిందే దించేసి పోయాడు. ఇల్లు రెండో అంతస్తులో. భార్య ఇంకా పని నుంచి రాలేదు. బండ ఎత్తడం అతనికి ఎప్పుడూ లెక్కలోది కాదు, ఒంటి చేత్తో భుజాన వేసుకుని ఈల వేస్తూ ఎక్కేవాడు. కాలు ఇప్పుడు బాగానే ఆనుతోంది కదా అని చేతికర్రతో మెట్లు దిగి, కర్ర గోడకానించి, బండ పిడి పట్టుకుని లేపాడు. బండ జానెడు లేచింది. చేతులు గజగజ వణికాయి. దించి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ లేపాడు. ఈసారి జానెడు కూడా లేవలేదు. కాలు నొప్పి పెట్టి ఉంటే సరిపోయేది, నెపం దానిమీదకు పోయేది. కాలు నొప్పి పెట్టలేదు. ఓడింది చేతులు. అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు.

భార్య సంచి ఊపుకుంటూ, బడి నుంచి వస్తున్న కూతురితో కలిసి వచ్చింది. ఇద్దర్నీ చూసింది, అతన్నీ, బండనీ. సంచి కూతురికిచ్చి, కొంగు బిగించి, బండను వంచి తొడకానించుకుని ఒక్క ఊపున ఎత్తింది. మొదటి అంతస్తు దగ్గర ఓసారి దించింది, అలసటకు కాదు, జారిన చెప్పు సరిచేసుకోవడానికి. వెనకాల పిల్ల సంచితోపాటు తండ్రి చేతికర్ర కూడా పట్టుకుని ఎక్కింది.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు అతను వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి పక్కన గిన్నెలో పొద్దుటి శనగలున్నాయి. చల్లారిపోయి ఉన్నాయి. గరిటెతోనే ఒకటి రెండు నోట్లో వేసుకున్నాడు. మెత్తగా, కమ్మగా, కాస్త ఉప్పగా తగిలాయి. పక్క గిన్నె మూత తీసి పప్పు చూశాడు. గరిటె నిలబడేంత చిక్కగా ఉంది. అంత చిక్కటి పప్పు అతని చిన్నప్పటి ఇంట్లో ఎన్నడూ వండలేదు. ఇన్నేళ్లూ తాను పగబట్టింది పప్పు మీద కాదు, అందులో తల్లి పోసిన నీళ్ల మీద. అది తట్టేసరికి కొంచెం సిగ్గేసింది. తల్లి గుర్తొచ్చింది. ఆమె ఆ నీళ్లు కూడా అందరికీ పోశాక తాగిందో లేదో అతనికి తెలియదు. అడగడానికి ఇప్పుడామె లేదు. అలా నిలబడే శనగల గిన్నె సగం ఖాళీ చేశాడు.

సాయంత్రం భార్య మూత తీసి చూసి, "పిల్లి దూరినట్టుందే," అంది.

"శనగలు తినే పిల్లా? ఎక్కడా వినలేదు," అంది కూతురు.

"రేపట్నుంచి ఇంకాసిని నానబెట్టు," అన్నాడు అతను, గోడవైపు తిరిగి పడుకుని. కాసేపయ్యాక, "ఈ ఆదివారం మాంసం వద్దులే. గుడ్లు తెచ్చుకుందాం," అన్నాడు.

భార్య సరేనంది. గెలిచినట్టు మొహం పెట్టలేదు. పెట్టి ఉంటే అతను మాట వెనక్కి తీసుకునేవాడేమో.

పుండు వెంటనే మానిపోలేదు. అంచుల నుంచి లేత గులాబీ రంగు కండ నెమ్మదిగా లోపలికి పాకింది. నర్సమ్మ ఒకనాడు కట్టు విప్పి, "ఇక గుడ్డ దండగ," అని పంపేసింది. మునుపటిలా మోకాలు మడవడం మాత్రం కుదరలేదు. కూర్చుని వెల్డింగ్ చేయలేని అతనికి యజమాని నిలబడి చువ్వలు కోసే పని ఇచ్చాడు. జీతం కాస్త తక్కువ. మాంసం నెలకోసారి వచ్చేది, ముగ్గురూ సమానంగా తినేవారు.

సరుకులు తెచ్చే పని అతను తన మీద వేసుకున్నాడు. షెడ్డు నుంచి వచ్చేటప్పుడు దుకాణం దగ్గర ఆగి, అలసందలు అరచేతిలో పోసుకుని, ఊది, ఒక్కొక్కటీ వేలితో తిప్పి చూసేవాడు. ఒక సాయంత్రం దుకాణదారు విసుక్కున్నాడు.

"ఏమయ్యా, పెళ్లిచూపులా ఏంటి? అన్నీ ఒకటే రకం."

"ఒకటే రకమైతే ఇందులో పురుగు ఎందుకుంది?"

"ఎక్కడ?"

అతను చూపించాడు. దుకాణదారు సణుగుతూ లోపలికి పోయి కొత్త బస్తా మూతి విప్పాడు. అతను సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు.