ఎడమవైపు మంచు

వదిన ఎడమవైపు, ఆడపడుచు కుడివైపు. ఇద్దరి మణికట్లనూ కలుపుతూ మూరెడు నూలుతాడు. ఎదురుగా వచ్చే బండ్ల దీపాలు తెల్లవారుజాము మంచులో, నీళ్ళలో నానిన చందమామల్లా తేలివచ్చి, పక్కనుంచి దాటిపోతున్నాయి. బండ్లకు ఎదురుగానే పరుగెత్తాలి, రోడ్డువైపు తానే ఉండాలి. ఇది వదిన పెట్టుకున్న నియమం. ఆడపడుచుకు పుట్టుకతోనే చూపు లేదు. ఆమె పాదాల ముందు దారిని పరిచేది వదిన గొంతే. "గట్టు... గుంత... కాస్త లోపలికి..."

సందు మొదట్లో వదిన అటూ ఇటూ చూసి "పద" అంది. ఆడపడుచు కదలలేదు. తాడు వెనక్కి గుంజింది. ఎడమనుంచి సందులోకి తిరిగిన పాలవ్యాను వదిన తెల్లచొక్కా అంచును గాలితో తాకి వెళ్ళిపోయింది.

మంచు ఎక్కువగా ఉందంది వదిన. ఆడపడుచు నవ్వేసింది.

ఆసుపత్రి లాండ్రీలో వదినది దుప్పట్లు మడతపెట్టే పని. ఇద్దరు చెరో కొస పట్టుకుని, దూరంగా జరిగి, విదిలించి, ఎదురెదురుగా నడిచి అంచులు కలపాలి. అలా దూరమవుతూ, దగ్గరవుతూ ఆమె ఏళ్ళన్నీ వెచ్చగా, తెల్లగా మడతపడిపోయాయి. భర్త పోయాక ఆయన చెల్లెలిని తన దగ్గరే ఉంచుకుందని అక్కడ అందరికీ తెలుసు. ఆ పిల్ల ఒకనాడు, పరుగెత్తితే ఎలా ఉంటుందని అడిగినందుకే తానూ పరుగు నేర్చిందని మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ మధ్యాహ్నం జోడీ మనిషి అందించిన అంచు చేతికి తగల్లేదు. వదిన గాలిలో తడుముకుంది.

"ఎవర్ని తలుచుకుంటున్నావక్కా? అంచు నీ పక్కనే ఉంటే ఆకాశంలో వెతుకుతున్నావ్."

చుట్టూ నవ్వులు. వదిన కూడా నవ్వింది. నవ్వుతూనే కుడికన్ను మూసి చూసింది. ఎడమవైపు గోడ లేదు, కిటికీ లేదు. పొద్దున రోడ్డు మీద వదిలేసి వచ్చాననుకున్న మంచు, ఈ వేడిగదిలోకి కూడా తనతోపాటే వచ్చి నిలబడి ఉంది.

ఆడపడుచు పేరిచ్చిన పరుగుపోటీ దగ్గరపడటంతో సాయంత్రం కూడా సాధన ఉంది. ఆడపడుచు బూట్లు కట్టుకుంటోంది. వదిన పై వాటాలో ఉండే నర్సును పిలుచుకొచ్చింది. ఒక్కపూటైనా పిల్లను తాను పరుగుకు తీసుకెళ్తానని ఆమె ఎన్నాళ్ళుగానో అడుగుతోంది.

"నాకు ఎడంపక్క కనపడట్లేదమ్మాయ్."

లేసు ముడి మీద ఆడపడుచు వేళ్ళు ఆగాయి. "తెలుసు వదినా. ఈమధ్య నువ్వు ఆగమనేలోపే నేను ఆగిపోతున్నా."

"మరి చెప్పవేం?"

"చెప్తే ఇంట్లో కూర్చుంటావని."

వదిన ఆమె పక్కన చతికిలబడింది. "నేను కూర్చుంటే నువ్వు పరుగెడతావు. నేనొస్తే ఇద్దరం పోతాం."

ఆడపడుచు చెయ్యి చాచింది. వదిన తాడు రెండో కొసను నర్సు మణికట్టుకు కట్టింది. చెవుల్లో పాటలు పెట్టుకోవద్దనీ, బండి నడిపేవాడు తమను చూశాడని తేలేదాకా రోడ్డు దాటొద్దనీ, పిల్లను మాత్రం ఎప్పుడూ గోడవైపే ఉంచాలనీ మెల్లగా అప్పజెప్పింది.

మెట్ల కింద రెండు జతల అడుగులు ముందు తడబడ్డాయి. తర్వాత ఒక్కటయ్యాయి. వీధి మలుపులో ఆ ఒక్కటీ వినపడకుండా పోయింది.

కిటికీ గట్టు మీద ఆడపడుచు సగం తాగి వదిలిన గ్లాసులో, కింద పోయే ప్రతి బండికీ నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి.