పచ్చ గుర్తు

పై అంతస్తుకు ఎక్కుతూ రత్నాబాయి రెండుసార్లు ఆగింది. ఒకసారి ఊపిరి కోసం, ఒకసారి కొంగుతో ఫోను అద్దం తుడవడానికి. కామాఠీపురాలో ఆ ఇరుకు గదుల చాళ్ మెట్లు మెట్లు కావు, నిచ్చెన. చెక్కలు అరిగి నడుమ గుంటలు పడ్డాయి. పట్టుకోవడానికి పైనుంచి వేలాడే తాడు ఒక్కటే.

పిల్లల సంరక్షణ సంస్థలో ఎన్నో ఏళ్లుగా ఆమె పని ఇదే: ఇల్లిల్లూ తిరిగి పిల్లలు ఎలా ఉన్నారో చూసి రావడం. ఇదివరకు చూసింది నోటితో చెప్పేది. పైవాళ్లు వినేవాళ్లు, కొన్నిసార్లు. ఇప్పుడు ఫోటో తీసి పంపితే ఫోనులోని యాప్ ఇంటికి రంగు వేస్తుంది. పచ్చ అయితే బతికారు. ఎరుపు అయితే జీపు వస్తుంది. పోయిన నెల వెనక గల్లీలో సాక్షి అనే పిల్లను అలాగే తీసుకుపోయారు. తల్లి ఇంకా పిల్లల హోమ్ గేటు దగ్గరే నిలబడుతోంది.

"ఆ తల్లి మంచిదే, నేను చూసిన" అని రత్నాబాయి ఆఫీసులో మొత్తుకుంటే కొత్త మేడం కాజల్ నవ్వింది.

"టెన్షన్ తీస్కోకుండ్రి మౌసీ. సోచాయించేది యాప్, నడిచేది మీరు."

లోకానికి చదువులేనివాళ్ల కాళ్లే పనికొస్తాయి, కళ్లు కాదు.

గది తలుపు తీసే ఉంది. వేస్తే రేకుల కింద గది పెనమే. శిరీష గిన్నెలు తోమే పనికి బయలుదేరుతోంది. పాలమూరు వైపు నుంచి కొత్తగా వచ్చింది. మొగుడు ధారావిలో సెంట్రింగు పని. ఏడాది నిండిన కొడుకు బంటీ నేలమీద బోర్లా పడి ఉల్లిపొట్టు చప్పరిస్తున్నాడు. వాడి నడుముకు ఊదారంగు చీర పీలిక, దాని రెండో కొస మంచంకోడుకు. గడప దాకా పాకగలడు, దాటలేడు.

రత్నాబాయికి అది కొత్త కాదు. తననూ అమ్మ అలాగే కట్టింది. తాను కొడుకు ప్రథమేశ్‌ను కట్టింది. మట్టి మోసిన ఆడవాళ్ల పిల్లలు ఈ చాళ్లలో అలా పెరిగినవాళ్లే.

"ఇప్పు శిరీషా, జల్ది."

"ఎందుకు మౌసీ? జీనా మెట్ల మీదికెల్లి పడ్తడు."

"కట్టేసిన పోరడు ఫోటోల కనబడితే లాల్ పడ్తది. లాల్ పడ్తే ఎత్కపోతరు. సాక్షి అమ్మను చూసినవ్ గదా?"

శిరీష కింద కూర్చుంది. పిల్లవాడి నడుము దగ్గర ముడి రాకపోతే పళ్లతో లాగి విప్పింది.

రత్నాబాయి ఫోటో తీసింది. అద్దం మీద చక్రం తిరిగింది. ఇద్దరాడవాళ్లూ హారతి కోసం నిలబడ్డట్టు ఊపిరి బిగబట్టి చూశారు. పచ్చ.

"బతికిచ్చింది ముండది!" నవ్వింది శిరీష.

"ఇంక కట్టకు. ఎప్పుడంటే అప్పుడు మల్ల ఫోటో దియ్యమంటది."

"మరి పోరణ్ణి?"

"పక్క గది రాములమ్మకు చెప్పు."

"ముసల్దానికి కండ్లే కనబడవు మౌసీ."

"చెవులున్నయ్ గదా."

ఆ మాట తనకే నచ్చలేదు. కానీ ఇంకా ఎక్కాల్సిన మెట్లు చాలా ఉన్నాయి.

మధ్యాహ్నం ఫాక్‌లాండ్ రోడ్డు పక్కన చాయ్‌లో పావ్ ముంచుకుంటుంటే, ఎవరో ఆ చాళ్ పేరు అరుస్తూ పోయారు. పావ్ చాయ్‌లోనే వదిలేసి నడిచింది. పరుగెత్తే మోకాళ్లు కావు ఆమెవి.

మెట్ల కింద జనం గుమిగూడి ఉన్నారు. నీళ్ల డ్రమ్ముల పక్కన బంటీని తువ్వాలులో చుట్టి పడుకోబెట్టారు. పెదవికి ఉల్లిపొట్టు ముక్క అంటుకునే ఉంది.

"కునుకు పట్టింది, గంతే... కునుకు పట్టింది," రాములమ్మ గోడకు చెబుతోంది.

శిరీష ఏడవలేదు. రత్నాబాయి వైపు తలెత్తి అడిగింది.

"పచ్చనే పడ్డది గదా మౌసీ?"

రత్నాబాయి తువ్వాలు అంచు సర్దింది. పిల్లవాడి మీద కప్పడానికి ఏదైనా తెస్తానని తాడు పట్టుకుని పైకెక్కింది.

గది పొద్దున ఫోటోలో ఉన్నట్టే ఉంది. మంచంకోడుకు ఊదారంగు పీలిక కట్టే ఉంది. రెండో కొస గడప వైపు చాచి పడి ఉంది, పళ్లు దిగిన చోట ముడత ఇంకా విచ్చుకోకుండా.