కాలువకి దిగువన

“ఆఫీసులో రోజూ పట్టేది నీళ్లేగా! ఇంట్లో నాలుగు సీసాలు నింపడానికి చేతులు రావా?” అంది అత్తగారు, ఖాళీ సీసాలు గట్టు మీద టకటకా పెడుతూ.

ఆమె ఒక సీసా పంపు కింద పెట్టింది. రెండు క్యారియర్లు కట్టాలి, మామగారి మాత్రలు తీసిపెట్టాలి, భర్త చొక్కా ఇస్త్రీ చెయ్యాలి, పదకొండింటికి కౌన్సిల్ మీటింగులో ఉండాలి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పురపాలక ల్యాబులో పదకొండేళ్లుగా ఏటినీటిని పరీక్షిస్తున్నా, ఈ ఇంట్లో ఆమె ఉద్యోగానికి పేరు నీళ్లు పట్టడం. పోనీలెమ్మని ఆ మాటకు నొచ్చుకోవడం ఎప్పుడో మానేసింది. ఇవాళ ఆమె ధ్యాసంతా వేరే సంగతి మీద ఉంది.

దేశమంతటికీ కొత్త మంచినీటి విధానం వచ్చింది. ఏటినీటిని నెలనెలా పరీక్షించాలి. పాడైందని తేలితే, వ్యర్థాలు వదిలేవాళ్ల లైసెన్సు కౌన్సిలే ఆపాలి. నమూనా మాత్రం మురుగు కలిసే చోటికి దిగువన పట్టాలి. వీళ్ల ఏట్లో కలిసేది అద్దకం మిల్లు కాలువ. మిల్లు బావగారిది. కౌన్సిల్లో నీటి కమిటీకి పెద్దా బావగారే. కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకుంటారు!

“రెండొందల గజాలు పైకెళ్లి పట్టమ్మా, నీ సొమ్మేం పోయింది?” అన్నాడాయన రెండు నెలల కిందట, ఈ వంటింటి గుమ్మంలోనే నిలబడి. “అన్నయ్య కడుపు కొడతావా? ఇంటిగుట్టు బజార్న పెడతావా?” అన్నాడు భర్త. ఆమె పట్టింది. రెండు నెలలూ పైన పట్టి, దిగువన పట్టినట్టు రాసింది. ల్యాబు ఊడ్చే ఆవిడది దిగువ వీధి, అక్కడి పంపులకొచ్చేది ఆ ఏటినీళ్లే. “పంపు నీళ్లకి రంగు తేలుతోందమ్మా, తాగొచ్చా?” అని అడిగితే, “పర్లేదు, నేను పరీక్ష చేశాగా” అంది. ఆ వారమే ఆవిడ కూతురు వాంతులతో ఆస్పత్రిలో చేరింది. ఛీ, ఆ మాట అన్న నోటిని తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం. ఈ నెల మాత్రం దిగువనే పట్టింది. ఆ ఫలితం మూసిన కవర్లో తన పై అధికారి బల్లమీద పెట్టి వచ్చింది. ఇంకా ఎవరూ విప్పలేదు.

మీటింగు గదిలో అడుగుపెట్టగానే అధికారి, “టీలు అందించమ్మా” అని పళ్లెం చేతికిచ్చాడు. ఇద్దరు ప్యూన్లు గోడకానుకుని నిలబడే ఉన్నారు. ఆడమనిషి కనిపిస్తే చాలు, వీళ్లకి దాహమేస్తుంది. ఆమె పళ్లెం బల్లమీద పెట్టేసి కుర్చీలో కూర్చుంది.

అధికారి కవరు విప్పి, చదవబోయి ఆగిపోయాడు. బావగారు కాగితం లాక్కుని చూసి నవ్వేశాడు. “మా మరదలేనండీ. ఇంటిపనుల తొందర్లో ఎక్కడో తప్పు పడుంటుంది. పోయిన రెండు నెలలూ బాగానే ఉన్నాయిగా, ఇదొక్కటీ పక్కన పెట్టేద్దాం.”

కౌన్సిల్ అధ్యక్షురాలు కళ్లజోడు సర్దుకుంది. “ఏమ్మా, తప్పేనా?”

అవునంటే ఇంట్లో గొడవుండదు, ఉద్యోగమూ ఉంటుంది. బావగారు కనుబొమలు ఎగరేశాడు, అనేయ్ అన్నట్టు.

“తప్పేనండీ” అందామె. “ఈ నెలది కాదు, పోయిన రెండు నెలలవీ. కాలువకి పైన పట్టి, దిగువన పట్టానని రాశాను. పట్టింది నేను, సంతకం నాది, పట్టమన్నది ఈయన.”

మినిట్స్ రాసే గుమాస్తా బావగారి ముఖంలోకి చూస్తూ కలం ఆపేశాడు.

“ఆయన్నేం చూస్తావు? మూడు మాటలూ రాసుకో” అందామె.