రీలు లేని కెమెరా

ముందుగా ఒక మాట. నా రాతలో ఒత్తులు, దీర్ఘాలు అటూ ఇటూ అవుతాయి. యాభై దాటాక పలక పట్టినదాన్ని. ఈ నాలుగు పేజీలకే నెల పట్టింది. సర్దుకుని చదవండి.

నేను ఫోటో స్టూడియోలో పనిచేసేదాన్ని. మందునీళ్ల ట్రేలు తోమడం, కడిగిన ఫోటోలను క్లిప్పులకు తగిలించి ఆరబెట్టడం నా పని. స్టూడియో ఆయన్ని ఫోటోఅన్న అనేవాళ్లం. రోడ్డుకు అవతల కలప డిపో. నా మొగుడు అందులో రంపం మిషను నడిపేవాడు. నా తమ్ముడు కూడా అక్కడే దుంగలు దొర్లించేవాడు. ఆ పనిలో పెట్టించింది మా ఆయనే.

ఇదంతా జరిగిన ఏడు ఫోటోఅన్న కొత్తరకం కెమెరా కొన్నాడు. దానికి రీలు లేదు. ఎనిమిది ఫోటోలు కడుపులోనే దాచుకునేది. తొమ్మిదోది కావాలంటే వైరు పెట్టి కంప్యూటర్లోకి దించి కడుపు ఖాళీ చెయ్యాలి. ఒక్కో ఫోటో దిగడానికి మూడు నిమిషాలు పట్టేది.

"సెల్లులు పీకామంటే కాసేపట్లో అన్నీ మర్చిపోతుంది, అచ్చం మా మావగారే," అనేవాడు ఫోటోఅన్న.

ఒకరోజు డిపోలో ఒక కూలీ చెయ్యి రంపంలో పడి మణికట్టు దాకా తెగిపోయింది. పళ్లచక్రం మీద ఉండాల్సిన ఇనప మూతను పని త్వరగా సాగాలని మేస్త్రీ ఎప్పుడో ఊడదీయించాడు. మర్నాడు మధ్యాహ్నం మా ఆయన మిషను ఆపేసి, మూత బిగించేదాకా తిప్పనన్నాడు.

నేనప్పుడు ఫోటోలు కడిగే చీకటిగదిలో ఉన్నాను. రంపం చప్పుడు ఆగింది. తర్వాత అరుపులు. తలుపు తీసుకుని వచ్చేసరికి ఫోటోఅన్న కిటికీ దగ్గర కెమెరా పట్టుకుని నిలబడున్నాడు.

"అమ్మా, నువ్వు చూడకు," అన్నాడు.

చూడకు అంటే చూడకుండా ఎవరుంటారు? పరిగెత్తాను.

మా ఆయన రంపపు పొట్టులో బోర్లా పడున్నాడు. తల వెనక ఎముక లోపలికి కుంగిపోయింది. నెత్తురుతో ముద్దలైన పొట్టు నోటినిండా ఉంది. వేలు పెట్టి తీస్తూనే ఉన్నాను, ఊపిరాడుతుందేమోనని. ఊపిరి ఎప్పుడో పోయింది.

"దుంగ దొర్లి మీద పడింది," అన్నాడు మేస్త్రీ. గునపం ఇంకా చేతిలోనే ఉంది. దాని మొనకు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"దుంగకి చేతులు మొలిచాయా?" అన్నాను.

చెంప మీద కొట్టాడు. పన్ను ఊడి చేతిలో పడింది. తమ్ముడి కోసం కేకలేశాను. ఎక్కడా కనబడలేదు. శవాన్ని లారీలోకి ఎక్కించారు, నన్ను మాత్రం ఎక్కనివ్వలేదు. అప్పుడే మేస్త్రీ తలెత్తి ఎదురు కిటికీ వైపు చూశాడు.

వాడు రోడ్డు దాటుతుంటే నేనూ వెనకే వెళ్లాను.

"ఏరా ఫోటోగా, అక్కణ్ణుంచి ఏం పీకావు? రీలు తియ్యి."

"దీనికి రీలుండదన్నా."

"రీలు లేని కెమెరా ఏంట్రా? నేను నీకు ఎర్రోడిలా కనిపిస్తున్నానా?"

గునపం వెనక్కెత్తి ఫోటోఅన్న కుడిచేతి మీద దించాడు. వేళ్లు పటపటా విరిగాయి. ఎడమచెయ్యి అడ్డం పెడితే అదీ విరిగింది. కెమెరా కిందపడి, మూత ఊడి, సెల్లులు తలో దిక్కుకూ దొర్లాయి.

నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. "నువ్వు చెప్పవే. ఫోటోలు కడిగారా?"

"ఇంకా కడగలేదు," అని గూట్లో ఉన్న పాత కెమెరా వైపు వేలు చూపించాను.

అందులో ఉన్నది ఎవరిదో పెళ్లి రీలు. వాడు దాన్ని బారెడు పొడుగున లాగి, ఎండలో పట్టి, కింద పారేసి తొక్కాడు. "అయిపోయింది నీ సాక్ష్యం," అని నవ్వి వెళ్లిపోయాడు.

"సెల్లులు," అన్నాడు ఫోటోఅన్న నేల మీదనుంచే. "తొందరగా పెట్టమ్మా. అందులో ఐదు ఫోటోలున్నాయి."

గోడ మీంచి రాలి పగిలిన ఫోటో అద్దాల పెంకుల్లో దేకుతూ వెతికాను. మూడే దొరికాయి. నాలుగోది గోడగడియారంలోంచి పీకాను.

"సెల్లు బొడ్డు ఎటువైపు?"

"గుండ్రటి స్ప్రింగుకి బొడ్డు లేని వైపు ఆనించు."

కెమెరా చిన్నగా కూసింది. వైరు ఎక్కడ గుచ్చాలో ఆయన కళ్లతోనే చూపించాడు.

"ఎలుకని పట్టుకో."

"ఎలుకేంటన్నా ఇప్పుడు?"

"ఆ తెల్లదమ్మా, తోకున్నది."

ఫోటోలు దిగడం మొదలయింది. మొదటి నాలుగింటిలోనూ మేస్త్రీ వీపే. ఆ వీపు ఎవరిదైనా కావచ్చు. ఐదోది పైనుంచి సన్నని చారలు చారలుగా వచ్చింది. ముందు డిపో రేకులు, తర్వాత లేచిన గునపం, దాని కింద మేస్త్రీ మొహం, పళ్లతో సహా. తర్వాత మా ఆయన తల. నడుము. చివరికి ఆయన కాళ్ల మీద కూర్చుని, మడమలు రెండు చేతులతో అదిమి పట్టిన మనిషి.

వాడు నా తమ్ముడు.

అదే సమయానికి వాడు గుమ్మంలోకి వచ్చాడు. నేను ఇంకా అక్కడేం చేస్తున్నానో చూసి రమ్మని మేస్త్రీ పంపాడట. తెర చూసి వాడి మొహం పాలిపోయింది.

"అక్కా, అది తీసెయ్. నేను కొట్టలేదు. పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. లేకపోతే నన్నే చంపేవాడు."

"ఎంతసేపు పట్టుకున్నావురా?"

"కదలడం ఆగేదాకా."

వైరు మీదకు దూకాడు. కెమెరా స్టాండు తీసి భుజం మీద కొట్టాను. ఎముక విరిగింది. అయినా ఒంటిచేత్తో నా గొంతు పట్టుకుని బల్ల మీదకు వంచాడు. కళ్లు బైర్లు కమ్మాయి. చేతికందిన మందునీళ్ల ట్రే వాడి కళ్లలో కుమ్మరించాను. వాడు కళ్లు నులుముకుంటూ నేల మీద పొర్లాడు.

తెర మీద చిన్న పెట్టె వచ్చింది. లోపల రెండు గడులు. ఏం రాసుందో నాకేం తెలుసు?

"దాచాలా వద్దా అని అడుగుతోంది," అన్నాడు ఫోటోఅన్న. "ఎడమది దాచు. కుడిది వద్దు. నీ ఇష్టం అమ్మా. కుడిది నొక్కినా నేనేం అనను."

"తమ్ముణ్ణి మాత్రం చెరిపేసి మేస్త్రీని ఉంచడం కుదురుతుందా?"

"కత్తిరిస్తే సాక్ష్యం చెల్లదు."

"మిగతా వాటిల్లో మేస్త్రీ మొహం లేదు కదా?"

"లేదు. ఇదొక్కటే."

"అక్కా, నీ కడుపున పుట్టినవాణ్ణి అనుకో," అన్నాడు తమ్ముడు, కళ్లు తెరవలేక గోడ వైపు తిరిగి.

ఎడమది నొక్కాను.

ఫోటోఅన్న చెప్పినట్టే దాన్ని ఫ్లాపీలోకి ఎక్కించి, రవికెలో దోపుకుని, వెనక గుమ్మం నుంచి పోలీస్ స్టేషన్‌కి నడిచాను. నా గొంతు మీద వాడి వేళ్ల గుర్తులు వాచి ఉన్నాయి. అవి ఎవరివని అడిగితే అది కూడా చెప్పాను.

మేస్త్రీకి యావజ్జీవం పడింది. తమ్ముడికి ఏడేళ్లు. బయటికొచ్చాక వాడు నా గుమ్మం తొక్కలేదు. నేనూ పిలవలేదు.

ఇట్లు,
ట్రేలమ్మ (అందరూ పిలిచే పేరు ఇదే). వయసు అరవై మూడు. ప్రస్తుతం బస్టాండు వెనక వీధిలో, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పైగదిలో ఉంటున్నాను.